పెన్సిల్వేనియాలో డాన్స్ స్కూల్, న్యూజెర్సీ నుంచి వచ్చే మృదంగం మాస్టారు: 1099 ఐఆర్‌ఎస్‌కి పంపితే సరిపోదా?

ఎక్స్‌టన్ కూచిపూడి

అందరికీ నమస్కారం అండి. ఫిలడెల్ఫియా దగ్గర ఎక్స్‌టన్‌లో చిన్న కూచిపూడి స్కూల్ నడుపుతున్నాను. నా ఒక్కదాని పేరు మీదే ఎల్ఎల్‌సీ అనే చిన్న కంపెనీ ఉంది, జీతం మీద పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు. 2025లో బయటివాళ్ళకి ఇచ్చిన డబ్బు ఇదీ. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మా మృదంగం మాస్టారికి మొత్తం 7,200 డాలర్లు. ఆయన 26 శనివారాలు మా స్కూల్‌కే వచ్చి వాయించారు, రోజుకి 200 చొప్పున, మిగతా 20 వారాలు వాళ్ళింటి నుంచే జూమ్‌లో పిల్లలకి తాళం నేర్పించారు, వారానికి 100 చొప్పున. పాట పాడే అమ్మాయి వెస్ట్ చెస్టర్‌లోనే ఉంటుంది, తనకి 2,400. వీడియో తీసిన అబ్బాయికి 1,500, అతనికీ ఏదో ఎల్ఎల్‌సీ ఉంది. ఇంకా క్లాసుల కోసం ఒక చర్చి హాలు తీసుకున్నాం, దాని అద్దె వేరే. అన్నీ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పంపే జెల్ యాప్‌లో పంపినవే.

నా టాక్స్ చూసే ఆయన నిరుడు "1099 వేసి ఐఆర్‌ఎస్‌కి పంపేయండి, అంతే" అన్నారు. 1099 అంటే జీతం కాకుండా బయటివాళ్ళకి ఎంత ఇచ్చామో ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కి చెప్పే ఫారం కదా, నేనూ అంతే అనుకున్నాను. మొన్న సంక్రాంతికి కలిసిన ఒక స్నేహితురాలు, వాళ్ళాయన కన్‌స్ట్రక్షన్ పని చేయిస్తారు, రాష్ట్రానికి వేరే పంపాలని, న్యూజెర్సీ వాళ్ళకి డబ్బిస్తే ముందే పన్ను కోసి కట్టాలని చెప్పింది. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నేను ఒక్క డాలరు కూడా కోయలేదు. పెన్సిల్వేనియాకీ న్యూజెర్సీకీ ఒప్పందం ఉంది, అక్కడివాళ్ళు ఇక్కడ పనిచేసినా సొంత రాష్ట్రానికే పన్ను కట్టుకుంటారని మా వారి ఆఫీసులో చెబుతారు. మరి మాస్టారి విషయంలో అది వర్తించదా? ఆయన్ని సోషల్ సెక్యూరిటీ నంబర్ అడగడానికే నాకు నోరు రావట్లేదు, గురువుగారి వరసలో ఉన్న మనిషి. తెలిసినవాళ్ళు ఎవరైనా వివరంగా చెప్పగలరా?


పద్దుల పుస్తకం

అక్కా, నేను హారిస్‌బర్గ్ దగ్గర పదేళ్ళుగా చిన్న వ్యాపారాల లెక్కలు చూస్తున్నాను. మీ స్నేహితురాలు చెప్పింది నిజమే. టాక్స్ చూసే ఆయన చెప్పింది సగమే.

ముందు ఒప్పందం సంగతి చెబుతాను, ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. పెన్సిల్వేనియా, న్యూజెర్సీల మధ్య ఉన్న ఆ ఒప్పందం జీతాలకి మాత్రమే. మీ వారి ఆఫీసులో డబ్ల్యు-2 మీద, అంటే జీతం మీద పనిచేసేవాళ్ళకి అది సరిగ్గా వర్తిస్తుంది. 1099 మీద డబ్బు తీసుకునేవాళ్ళకి ఆ ఒప్పందంతో సంబంధం లేదు. మాస్టారు ఉద్యోగి కాదు కాబట్టి, ఆయన ఎక్స్‌టన్‌లో వాయించి సంపాదించింది పెన్సిల్వేనియా ఆదాయమే, ఇల్లు ఎడిసన్‌లో ఉన్నా సరే.

2017లో పెన్సిల్వేనియా యాక్ట్ 43 అని ఒక చట్టం చేసింది, 2018 నుంచి అమల్లో ఉంది. వేరే రాష్ట్రంలో ఉండే మనిషికి, లేదా అలాంటి మనిషి ఒక్కడి పేరు మీదే ఉన్న ఎల్ఎల్‌సీకి, పెన్సిల్వేనియాలో చేసిన పనికి ఏడాదిలో 5,000 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ ఇస్తే, ఇచ్చేవాళ్ళే 3.07 శాతం కోసి రాష్ట్రానికి కట్టాలి. 5,000 లోపైతే కోయడం మీ ఇష్టం. ఏడాది చివరికి ఎంతవుతుందో ముందే తెలియకపోతే మొదటి చెక్కు నుంచే కోయమని రాష్ట్రం చెబుతుంది. మన ఊళ్ళో టీడీఎస్ కోసి సర్టిఫికెట్ చేతికిస్తాం చూడండి, ఆలోచన అలాంటిదే, కానీ ఇక్కడ అది రాష్ట్రానిది. డబ్ల్యు-9 (పేరు, పన్ను నంబరు రాసిచ్చే ఫారం) సరిగ్గా ఇచ్చిన అమెరికా నివాసికి ఫెడరల్‌లో మామూలుగా ఏమీ కోయరు. అందుకే కోత అనేదే లేదని చాలామంది అనుకుంటారు.

మీ లెక్కలో అసలు విషయం పని ఎక్కడ జరిగిందనేది. 26 శనివారాలు, 200 చొప్పున 5,200. ఇది పెన్సిల్వేనియాలో చేసిన పని. జూమ్‌లో నేర్పించిన 2,000 ఆయన ఎడిసన్‌లో కూర్చుని చేసిన పని, అది పెన్సిల్వేనియా ఆదాయం కాదు. 5,200 అంటే 5,000 గీత దాటింది, 200 డాలర్ల తేడాతో. అంటే రెండు శనివారాలు తగ్గి ఉంటే కోయకపోయినా తప్పయ్యేది కాదు. ఇప్పుడు కోయాల్సింది 5,200 మీద 3.07 శాతం, 159 డాలర్ల 64 సెంట్లు. ఏ రోజు ఎక్కడ వాయించారో రాసిన క్యాలెండర్ ఉంటే జాగ్రత్తగా దాచుకోండి. ఈ విభజనకి రేపు ఎవరైనా అడిగితే మీకున్న ఆధారం అదొక్కటే.

కోయలేదు కాబట్టి ఇప్పుడేం చేయాలి అంటే, ఒకటి మాత్రం దయచేసి చేయకండి. ఇలాంటి పనికి వేసే 1099 రకం పేరు 1099-ఎన్ఈసీ, దాంట్లో 5వ గడి రాష్ట్రానికి కోసిన పన్ను వేసే చోటు. అక్కడ 159.64 వేసి, ఆ డబ్బు మీరే ఇప్పుడు కట్టేసి, నిరుడే కోసినట్టు చూపించకండి. కోయనిది కోసినట్టు కాగితం పుట్టించడం మొదటి పొరపాటు కన్నా పెద్దది. 1వ గడిలో 7,200, 7వ గడిలో పెన్సిల్వేనియా ఆదాయం 5,200, 5వ గడి ఖాళీ. మాస్టారు పెన్సిల్వేనియాకి పీఏ-40 (ఆ రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్న్) వేసి ఆ పన్ను ఆయనే కట్టేస్తే రాష్ట్రానికి రావాల్సింది వచ్చినట్టే. కోయాల్సిన బాధ్యత మీదే కాబట్టి వడ్డీ, పెనాల్టీ సంగతి మీ వైపు మిగిలే అవకాశం ఉంది. అందుకే నోటీసు వచ్చేదాకా ఆగకుండా పెన్సిల్వేనియా పన్ను శాఖ వెబ్‌సైట్ మైపాథ్‌లో మీరే మెసేజ్ రాసి జరిగింది చెప్పండి. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి కేసుల్లో ముందుగా చెప్పినవాళ్ళతో వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు.

పాట పాడే అమ్మాయి పెన్సిల్వేనియాలోనే ఉంటుంది కాబట్టి కోత లేదు, కానీ 1099 కాపీ రాష్ట్రానికి వెళ్ళాలి. కోత లేని చోట రాష్ట్రానికి కాగితం కూడా అక్కర్లేదనుకోవడం ఇంకో సాధారణ పొరపాటు. వీడియో అబ్బాయి ఎల్ఎల్‌సీ అంటే చాలదు, డబ్ల్యు-9లో అది ఎస్ కార్పొరేషన్‌గా పన్ను కడుతోందని టిక్ పెట్టి ఉంటే 1099 అక్కర్లేదు, ఒక్కడి పేరు మీదే ఉన్న మామూలు ఎల్ఎల్‌సీ అయితే వేయాలి. చర్చి లాభాపేక్ష లేని సంస్థ కాబట్టి ఆ అద్దెకి అక్కర్లేదు. క్రెడిట్ కార్డు మీద ఇచ్చి ఉంటే ఆ లెక్క కార్డు కంపెనీల 1099-కేలోకి పోయేది, జెల్‌లో అలాంటిదేమీ ఉండదు, చెక్కు ఇచ్చినట్టే లెక్క, కాబట్టి బాధ్యత మీదే.

గడువు జనవరి 31, ఈ 2026లో అది శనివారం కాబట్టి ఐఆర్‌ఎస్‌కి ఫిబ్రవరి 2 దాకా ఉంది. ఎన్ఈసీకి మనిషికి ఇచ్చే కాపీ, ఐఆర్‌ఎస్‌కి పంపే కాపీ రెండిటికీ ఒకే తేదీ. పెన్సిల్వేనియాకి కూడా నెలాఖరే. శని, ఆదివారాలు కలిసొచ్చాయని ఆగకుండా ఈ వారమే పూర్తి చేసేయండి. 2026లో వేయాల్సినవి ఐఆర్‌ఎస్‌కి ఆలస్యమైతే ఒక్కో ఫారానికి 30 రోజుల లోపు 60 డాలర్లు, ఆగస్టు 1 లోపు 130, ఆ తర్వాత 340. ఫారాలు పదికి తక్కువైతే కాగితం మీద కూడా పంపొచ్చు, కానీ ఎర్ర సిరాతో అచ్చేసిన అసలు ఫారమే వాడాలి, ఇంట్లో ప్రింటర్ మీద తీసినది పనికిరాదు, పైన 1096 అనే ముఖపత్రం పెట్టాలి. ఐఆర్‌ఎస్ ఉచిత పోర్టల్ ఐరిస్ ఉంది కానీ దానికి ముందుగా ఒక కోడ్ తీసుకోవాలి, అది రావడానికి వారాలు పట్టొచ్చు. ఈ ఏడాదికి ఏదైనా ఈ-ఫైల్ సర్వీసులో నాలుగైదు డాలర్లు పడేసి పంపించేయండి, వచ్చే ఏడాదికి కోడ్ కోసం ఇప్పుడే అప్లై చేయండి.

ఐఆర్‌ఎస్‌కి పంపితే వాళ్ళే రాష్ట్రానికి చేరవేసే కలిపి దాఖలు చేసే పద్ధతి ఒకటుంది, చాలా రాష్ట్రాలు అందులో ఉన్నాయి. దాన్ని నమ్ముకుని వదిలేయొద్దు. అందులో ఉన్న రాష్ట్రాల్లోనే కొన్ని, ముఖ్యంగా రాష్ట్ర పన్ను కోసిన ఫారాలని, తమకి నేరుగా పంపమంటాయి. మైపాథ్‌లో రెండు మూడు ఫారాలు చేత్తో ఎక్కించడానికి అరగంట చాలు, ఎక్కించినట్టు నంబరు కూడా చేతికొస్తుంది.


ఫ్రిస్కో నుంచి

మా టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు కాబట్టి ఈ తలనొప్పి లేదు, ఫ్లోరిడా, టెన్నెసీల్లోనూ అంతే. కానీ ఒక్క మాట. మా అన్నయ్య ఫ్రిస్కోలో క్యాటరింగ్ చేస్తాడు. పెళ్ళికని శాన్ హోసే వెళ్ళి వండి వచ్చాడు, 6,000 డాలర్ల పని, పిలిచింది అక్కడి ఈవెంట్ కంపెనీ. చెక్కు వచ్చేసరికి 420 తక్కువ. మోసం చేశారని ఫోన్ చేసి గొడవపడ్డాడు. తర్వాత తెలిసింది, కాలిఫోర్నియాలో బయటి రాష్ట్రాలవాళ్ళకి అక్కడ చేసిన పనికి ఏడాదిలో 1,500 దాటి ఇస్తే 7 శాతం కోయాలట, 592-బీ అని కాగితం ఇస్తారు, దాన్ని పెట్టుకుని అక్కడ రిటర్న్ వేస్తే ఎక్కువైంది తిరిగొస్తుంది. వాళ్ళు చేసింది చట్టప్రకారమే, ముందు ఒక్క మాట చెప్పకపోవడమే తప్పు. మా వదిన ఇప్పటికీ ఆ కంపెనీని తిట్టుకుంటుంది. అందుకే అడిగినవారికి నా సలహా, కోసే ముందు మాస్టారికి చెప్పండి. మన రాష్ట్రంలో పన్ను లేదని ధీమాగా ఉండేవాళ్ళకి కూడా చెబుతున్నాను, మనం ఎక్కడుంటామన్నది కాదు, పని ఎక్కడ చేశామన్నదే చూస్తారు.


కేరీ కోశాధికారి

నార్త్ కరోలినాలో ఒక తెలుగు సంఘానికి రెండేళ్ళు కోశాధికారిగా ఉన్నాను. సంఘాలు నడిపేవాళ్ళు ఇది తప్పక చదవాలి, అందుకే రాస్తున్నాను.

ఉగాదికి అట్లాంటా నుంచి పాటల బృందాన్ని పిలిచాం, నాయకుడి పేరు మీద 3,000 డాలర్ల చెక్కు రాసిచ్చాం. కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది, అందరూ సంతోషంగా ఇళ్ళకి వెళ్ళారు. తర్వాతి జనవరిలో లెక్కలు చూసే మనిషి అడిగిన మొదటి ప్రశ్న, "నాలుగు శాతం కోశారా?" అని. ఇక్కడ బయటి రాష్ట్రంవాళ్ళకి ప్రదర్శన, ప్రసంగం లాంటివాటికి 1,500 దాటి ఇస్తే 4 శాతం కోసి రాష్ట్రానికి కట్టాలి, ఏడాది చివర జనవరి 31 లోపు ఎన్‌సీ-3తో లెక్క అప్పజెప్పాలి. మాకెవరికీ తెలియదు. లాభాపేక్ష లేని సంఘం కాబట్టి మాకేమీ వర్తించవనుకున్నాం. సంఘానికి వచ్చే ఆదాయం మీద పన్ను లేకపోవడం వేరు, సంఘం ఇచ్చే డబ్బు మీద కోత వేరు. ఆ తేడా మాకప్పుడే తెలిసింది. 120 డాలర్లు, దానిపైన వడ్డీ, కమిటీలో నలుగురం జేబులోంచి వేసుకుని కట్టాం. డబ్బు చిన్నదే, కానీ విరాళాలిచ్చిన సభ్యుల ముందు మనం నిర్లక్ష్యం చేశామని ఒప్పుకోవాల్సి రావడం చాలా బాధ పెట్టింది.

ఇండియా నుంచి కళాకారులని పిలిపిస్తే అది ఇంకో లోకం. వాళ్ళకి 1099 కాదు, 1042-ఎస్. ఫెడరల్‌లోనే మామూలుగా 30 శాతం కోత, మార్చి 15 గడువు, ఈ 2026లో ఆదివారం వచ్చింది కాబట్టి 16. పైన రాష్ట్రం కోత వేరే. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చేవాళ్ళతో మాట్లాడుకునేటప్పుడే "చేతికి ఎంత" అనేది తేల్చుకోండి, లేకపోతే స్టేజీ దిగాక మనస్పర్థలు వస్తాయి. ఈ ఒక్క విషయానికైనా లాయర్‌కో, లైసెన్సున్న అకౌంటెంట్ అయిన సీపీఏకో డబ్బిచ్చి అడగండి, విసా రకం మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది.


ఎక్స్‌టన్ కూచిపూడి

ఇంత వివరంగా రాసినందుకు చాలా కృతజ్ఞతలు అండి. క్యాలెండర్ చూశాను, 26 శనివారాలే, హాజరు పుస్తకంలో పిల్లల సంతకాలు కూడా ఉన్నాయి. ఇంకో రెండు సందేహాలు. జూన్‌లో ఒక అమ్మాయి రంగప్రవేశం జరిగింది, ఆర్కెస్ట్రా డబ్బు ఆ తల్లిదండ్రులు నేరుగా ఇచ్చారు, మాస్టారికే 1,000 ఇచ్చారట. ఇంకో కుటుంబం మాత్రం డబ్బు నాకు పంపితే నేను వాళ్ళకి పంచాను, వయొలిన్ ఆయనకి 800, ఆయన డెలావేర్‌లో ఉంటారు. ఇవి కూడా లెక్కలోకి వస్తాయా? ఈ ఏడాది నుంచి 600 కాదు 2,000 అంటున్నారు కదా, అది నాకు ఇప్పుడే పనికొస్తుందా?


పద్దుల పుస్తకం

మంచి ప్రశ్న అడిగారు అక్కా, డాన్స్ స్కూళ్ళలో ఇది ప్రతి చోటా వస్తుంది. 1099 వేయాల్సింది వ్యాపారం కోసం డబ్బిచ్చినప్పుడే. తల్లిదండ్రులు తమ కూతురి రంగప్రవేశానికి సొంత డబ్బు ఇచ్చుకోవడం వాళ్ళింటి ఖర్చు, వాళ్ళు వేయక్కర్లేదు, మీరూ వేయక్కర్లేదు, మాస్టారు తన ఆదాయంలో చూపించుకుంటారు. రెండో కుటుంబం డబ్బు మీ స్కూల్ ఖాతాలోకి వచ్చి, ఎవరిని పిలవాలో ఎంత ఇవ్వాలో మీరు నిర్ణయించి, మీ ఖాతా నుంచే వెళ్ళింది కాబట్టి ఇచ్చింది మీరే అవుతారు. వయొలిన్ ఆయనకి 800 మీద 1099 వేయండి, రాష్ట్రానికి కూడా. 5,000 లోపే కాబట్టి కోత తప్పనిసరి కాదు. ఇకపైన ఆర్కెస్ట్రా డబ్బు తల్లిదండ్రులే నేరుగా ఇచ్చేలా పెట్టుకోండి, అందరికీ సుఖం.

2,000 అనేది 2026 జనవరి 1 నుంచి ఇచ్చే డబ్బుకి. ఇప్పుడు వేసేది 2025 లెక్క, దానికి 600 గీతే. పెన్సిల్వేనియా కోతకున్న 5,000 అంకె వేరే చట్టంలోది, ఫెడరల్ మార్పుతో అది మారదు. ఈ ఏడాది మాస్టారు మళ్ళీ వారం వారం వస్తారు కదా, మైపాథ్‌లో 1099 విత్‌హోల్డింగ్ ఖాతా తెరిచి ఫిబ్రవరి నుంచే కోయండి. 200లో 6 డాలర్ల 14 సెంట్లు.


ఎడిసన్ లయ

నేనూ మృదంగం వాయిస్తాను, ఇటు న్యూజెర్సీలో, అటు పెన్సిల్వేనియాలో గుళ్ళలోనూ స్కూళ్ళలోనూ. మీ మాస్టారి స్థానంలో ఉండి రెండు ముక్కలు చెబుతాను అమ్మా.

డబ్ల్యు-9 అడిగితే ఏమీ అనుకోము. నిజానికి అడగనివాళ్ళతోనే మాకు ఇబ్బంది, జనవరిలో హడావిడిగా వాట్సాప్‌లో నంబరు పంపమంటారు. అది మాత్రం చేయకండి, ఎవరి నంబరైనా వాట్సాప్‌లో తిరగకూడదు, కాగితం మీద రాయించుకుని చేతికి తీసుకోండి. మొదటి క్లాసు రోజే ఇస్తే ఇంకా మంచిది. నంబరు ఇవ్వనివాళ్ళకి ఫెడరల్‌గా 24 శాతం కోయాల్సి వస్తుందని చెబితే ఎవరైనా ఇస్తారు.

కోసిన పన్ను మాకు పోదు. పెన్సిల్వేనియాలో 33 డాలర్లు దాటి సంపాదిస్తే చాలు పీఏ-40 వేయాలి, మీరు కోసినా కోయకపోయినా. మీరు కోసి కాగితం ఇస్తే ఆ పన్ను అప్పటికే కట్టినట్టు, ఏప్రిల్‌లో చేతి నుంచి పెట్టుకోవాల్సిన పని ఉండదు. ఆ పన్నుకి న్యూజెర్సీ రిటర్న్‌లో ఎన్‌జే-సీఓజే షెడ్యూల్ వేసి క్రెడిట్ తీసుకుంటాం, రెండు రాష్ట్రాలకీ రెండుసార్లు కట్టే పని ఉండదు. ఒక్క చిక్కు ఉంది. ఆ ఆదాయం మీద న్యూజెర్సీ వేసే పన్ను ఎంతో అంతవరకే క్రెడిట్ ఇస్తారు. అక్కడ మొదటి 20,000 మీద రేటు 1.4 శాతమే. ఇంట్లో వేరే సంపాదన లేని, సంగీతం మీదే బతికే కళాకారుడికి 3.07లో కొంత నిజంగానే మీద పడుతుంది. నాకు వేరే ఉద్యోగం ఉంది కాబట్టి తెలియలేదు, మా గురువుగారికి మాత్రం తెలిసింది. అందుకని మీ మాస్టారికి ఈ సంగతి ముందే చెప్పి, వీలైతే ఈ ఏడాది శనివారానికి ఒక పది డాలర్లు పెంచండి. 26 శనివారాలకి మీకు 260 డాలర్లు.

నిరుటిది కోయలేదు కాబట్టి ఆయన ఏప్రిల్ లోపు 159 చిల్లర సొంతంగా కట్టుకోవాలి. అది ఆయనకి 1099 చూస్తే తెలియదు, మీరు నోటితో చెప్పాల్సిందే.


ఎక్స్‌టన్ కూచిపూడి

మాస్టారితో పొద్దున్నే మాట్లాడాను అండి. ఫోన్‌లో కాదు, క్లాసు అయ్యాక కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పాను. ఆయన పెన్సిల్వేనియాకి రిటర్న్ ఇంతవరకు ఎప్పుడూ వేయలేదట, న్యూజెర్సీలో అంతా కలిపి వేసేస్తున్నారట. ఈసారి వేస్తానన్నారు. డబ్ల్యు-9 అక్కడే నింపి ఇచ్చారు, ఇన్నాళ్ళూ అడగలేదేంటమ్మా అన్నారు. శనివారానికి 215 అనుకున్నాం. ఈ-ఫైల్ సర్వీసులో మూడు ఫారాలు ఎక్కించాను. వీడియో అబ్బాయి డబ్ల్యు-9లో ఎస్ కార్పొరేషన్ టిక్ ఉంది, అతనికి వేయలేదు. మైపాథ్‌లో ఈ రాత్రి కూర్చుంటాను. మాస్టారు పాత సంవత్సరాలవి కూడా వేయాలా అని అడిగారు, ఎడిసన్ వారూ, దానికి ఆయన ఎవరిని కలిస్తే మంచిది?


ఎడిసన్ లయ

పాత సంవత్సరాలకి పెన్సిల్వేనియా, న్యూజెర్సీ రెండూ తెలిసిన సీపీఏ కావాలమ్మా. పెన్సిల్వేనియాకి పాత రిటర్న్‌లు వేస్తూనే న్యూజెర్సీలో వేసినవి సవరించి క్రెడిట్ తెచ్చుకోవాలి, దానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయొద్దని చెప్పండి. ఏ సంవత్సరం ఏ స్కూల్‌లో ఎన్ని రోజులు వాయించారో ముందు ఒక కాగితం మీద రాసుకోమనండి, మీ హాజరు పుస్తకాల నకళ్ళు ఆయనకి ఇవ్వండి.